‘బాగున్నారా?’ అని అడగడం కూడా ధర్మమేనా?



ఈ వారం వీడియోలో, సభాపర్వంలో నారద మహర్షి ధర్మరాజుని అడిగిన ప్రశ్నల గురించి చెప్పుకున్నాం కదా. అందులో ఒక విషయం చెప్పకుండా వదిలేశాను. కెమెరా ముందు పది నిమిషాల్లో తేలేది కాదనిపించింది. రాస్తేనైనా సరిగ్గా వస్తుందేమో చూద్దాం.

కరోనా రోజులు గుర్తున్నాయి కదా. పక్కింట్లో ఎవరో దగ్గుతున్నారు. రెండు రోజులుగా వాళ్ల తలుపు తెరుచుకోలేదు. వెళ్లి ‘ఎలా ఉన్నారు’ అని అడగాలా, వద్దా? అడిగితే వాళ్ల సొంత విషయంలో తలదూర్చినట్టా? అడగకపోతే మన ధర్మం తప్పినట్టా? అప్పుడు ఎవరికి తోచింది వాళ్లం చేసి బయటపడ్డాం. కూర్చుని ఆలోచించే తీరిక లేదు. ఇప్పుడు ఉంది.

మాది మెదక్ జిల్లా రామాయంపేట. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే 44వ నంబర్ హైవే మీద, తూప్రాన్ దాటాక, కామారెడ్డి రాకముందు వస్తుంది. మా వైపు ‘అర్సుకొనుడు’ అని ఒక మాట ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో ఎవరైనా పోయినా ‘అర్సుకోను పోయిరావాలె’ అంటారు. పేపర్ భాషలో పరామర్శ అంటామే, దాదాపు అదే. నాకు మాత్రం పరామర్శ కంటే అర్సుకొనుడే ఇష్టం. అది ‘అరయు’ అనే పాత తెలుగు మాటకి చుట్టం. అరయడం అంటే చూడటం, విచారించడం, కనిపెట్టుకుని ఉండటం. అడగడమూ చూసుకోవడమూ ఒకే మాటలో ఉన్నాయన్నమాట. పరామర్శకి ఒక లీడర్ వచ్చి ఫోటో దిగి వెళ్లిపోవచ్చు. అర్సుకోను పోయినవాళ్లు మాత్రం కూర్చోవాలి, పొయ్యి మీద ఏముందో చూడాలి, పిల్లలు తిన్నారో లేదో అడగాలి.

ఇప్పుడు నారదుడి దగ్గరికి వద్దాం. ఆయన ఇంద్రప్రస్థానికి వచ్చి ధర్మరాజుని వరసగా ప్రశ్నలు అడుగుతాడు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో కూడా అచ్చం ఇలాంటి ఘట్టం ఉంది. చిత్రకూటానికి భరతుడు నారబట్టలతో, జడలు కట్టిన జుట్టుతో వస్తాడు. రాముడు అతన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెడతాడు. నాన్నగారు ఎలా ఉన్నారు, అమ్మలు ఎలా ఉన్నారు అని మొదలై రాజ్యం దాకా వెళ్తుంది. దశరథుడు లేడని అప్పటికి రాముడికి తెలియదు. రెండు చోట్లా ప్రశ్నల్లో ‘కచ్చిత్’ అనే సంస్కృత పదం మళ్లీ మళ్లీ వస్తుంది. అది మామూలు ‘ఉందా, లేదా’ కాదు. ‘ఉందని ఆశపడుతున్నాను, ఉంది కదా?’ అని. అడిగేవాడి మనసు ముందే అవతలివాడి మంచి వైపు ఒరిగి ఉంటుంది.

ఇంకో సంగతి చూడండి. ఆ ప్రశ్నలు ఎంత వివరంగా ఉంటాయో! సైన్యానికి జీతం, తిండి ఆలస్యం కాకుండా అందుతున్నాయా? రాజ్యంలో పెద్ద చెరువులు నిండుగా ఉన్నాయా? ఇబ్బందుల్లో ఉన్న రైతుకి విత్తనం, తిండి చూస్తున్నావా, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నావా? చూపు లేనివాళ్లని, మాట రానివాళ్లని, నడవలేనివాళ్లని, నా అన్నవాళ్లు లేనివాళ్లని తండ్రిలాగా చూసుకుంటున్నావా? ‘రాజ్యం అంతా ఓకేనా?’ అని ఒక్క ముక్కలో అడిగేసి ఉంటే ధర్మరాజు కూడా ‘మీ దయవల్ల ఓకే’ అనేవాడు. సభ అక్కడితో ముగిసేది.

నా ఉద్యోగం భాషలో చెప్తాను, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. మా సర్వర్లకి హెల్త్ చెక్ అని ఒకటి ఉంటుంది. కొన్ని సెకన్లకోసారి ‘ఉన్నావా?’ అని అడిగితే ‘ఉన్నా’ అని 200 ఓకే పంపిస్తుంది. లోపల డేటాబేస్ పడిపోయి, ఒక్క కస్టమర్ పని కూడా జరగకపోయినా, పైపై చెక్ మాత్రం ఓకే అంటూనే ఉంటుంది. స్క్రీన్ మీద అన్నీ ఆకుపచ్చ. అందుకే లోతు చెక్ ఇంకొకటి పెడతాం: డేటాబేస్‌తో మాట్లాడి చూపించు, ఒక రికార్డు తెచ్చి ఇవ్వు అని. దాంట్లోనూ తిరకాసు ఉంది. లోతు చెక్‌లు మరీ ఎక్కువైతే వాటికి జవాబు చెప్పడంతోనే సిస్టమ్ అలసి కూలబడుతుంది. ఈ రెండో సగం కూడా గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నేను అప్పటికే లాప్‌టాప్ పట్టుకుని ఊరికి వచ్చేశాను. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక పెద్దమ్మ ఒక్కతే ఉండేది. కొడుకు దుబాయ్‌లో. మా దిక్కు గల్ఫ్ పోయినవాళ్లు లేని గల్లీ ఉండదు లెండి. విమానాలు బంద్. అన్న నాకు ఫోన్ చేసి ‘తమ్మీ, అమ్మను జర చూస్తుండు’ అన్నాడు. లెక్క ప్రకారం పెద్దమ్మకి ఏ లోటూ లేదు. ఏప్రిల్‌లో రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు సర్కారు ఇచ్చింది. గేటు దగ్గర నిలబడి ‘ఎట్లున్నవ్ పెద్దమ్మా?’ అంటే ‘నాకేమైంది బిడ్డా, మంచిగున్న’ అనేది. ఆకుపచ్చ లైటు.

మా నాయనమ్మ అడిగే తీరు వేరు. గోడ మీంచి కేక వేసింది: ‘ఏమే బిడ్డా, బీపీ గోలీలు ఎన్ని మిగిలినయే? పట్టీ తెచ్చి చూపియ్యి.’

పట్టీ ఖాళీ. అయిపోయి పది రోజులు. చౌరస్తాలో పోలీసులు ఉన్నారన్న భయం ఒకటి, ఎవరినో అడిగి ఇబ్బంది పెట్టడమెందుకన్న మొహమాటం ఇంకొకటి. కూర లేదు, పచ్చిపులుసుతో వెళ్లదీస్తోంది. ఇవన్నీ ‘మంచిగున్న’ లోపలే ఉన్నాయి. ఆమె అబద్ధం ఆడలేదు. మనం అడిగిన ప్రశ్నకి అంతకంటే జవాబు రాదు, అంతే. గోలీలు తెప్పించాం, అది పెద్ద సంగతేం కాదు. నాకు పెద్దగా అనిపించింది ఆ తర్వాత నాయనమ్మ చేసిన పని. రెండు రోజులు కూర పంపించింది. మూడో రోజు పెద్దమ్మ ‘వద్దత్తా, రోజూ ఏంది’ అన్నది. అప్పుడు నాయనమ్మ ‘నా చేతులు వణుకుతున్నయి, ఈ ఏడు మా ఇంటి మామిడికాయ తొక్కు నువ్వే పెట్టాలె’ అన్నది. నిజానికి ఆమె చేతులు అంతగా ఏం వణకడం లేదు.

కుచేలుడి కథ మనందరికీ తెలుసు. అటుకులు పెట్టి ఐశ్వర్యం పొందాడని చెప్పుకుంటాం. నాకైతే ఆ కథలో వరస ముఖ్యం అనిపిస్తుంది. కృష్ణుడు ముందు కాళ్లు కడిగాడు. గురుకులం రోజులు తలుచుకున్నాడు. యోగక్షేమాలు అడిగాడు. తర్వాత ‘నాకేం తెచ్చావు?’ అని కొంగులో దాచుకున్న అటుకుల మూట తానే లాక్కున్నాడు. కుచేలుడు నోరు తెరిచి ఒక్కటి కూడా అడగలేదు. అడగలేనివాడి దగ్గర నుంచి ముందు తీసుకుంటేనే వాడు మన దగ్గర తీసుకోగలడు. లాక్‌డౌన్‌లో సరుకుల కిట్ ఇస్తూ వీడియో తీసినవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ అటుకుల మూటే గుర్తొచ్చేది.

సరే, పక్కింటి పెద్దమ్మ అంటే మనకు తెలిసిన మనిషి. మరి పొరుగు అనేది ఎక్కడిదాకా? ఆ ఎండాకాలం మా ఊరి పక్క హైవే మీదుగా కూలీలు ఉత్తరానికి నడుచుకుంటూ పోయారు. మూటలు, పిల్లలు, కాళ్లకి తెగిన చెప్పులు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు పోయింది, సుమారు 1200 మందితో. రైలు దొరకనివాళ్లు నడుస్తూనే ఉన్నారు. వలస కూలీలకి కూడా మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని మన రాష్ట్రం చెప్పింది. కానీ రోడ్డు మీద నడిచేవాడు 12 కిలోల బియ్యం ఎక్కడ వండుకుంటాడు? హైవే పొడుగునా ఊళ్లవాళ్లు నీళ్లు, మజ్జిగ, పులిహోర పట్టుకుని నిలబడ్డారు. ‘ఖానా ఖాయే?’ అంటూ వచ్చీరాని హిందీ. తిన్నావా అని అడిగి అన్నం చేతిలో పెట్టడానికి పేరు, ఊరు, కులం ఏవీ అక్కర్లేకపోయింది.

భాగవతంలో రంతిదేవుడు నలభై ఎనిమిది రోజులు పస్తున్నాక దొరికిన అన్నాన్ని వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఇచ్చేస్తాడు. చివరికి మిగిలిన గుక్కెడు నీళ్లు కూడా దాహమన్నవాడికి ఇచ్చేస్తాడు. మోక్షం వద్దు, అందరి లోపలా ఉండి వాళ్ల బాధ నేను పడాలి అని కోరుకుంటాడు. చాలా పెద్ద మనసు, సందేహం లేదు. కానీ ఒక్క విషయంలో రంతిదేవుడికి మన కంటే తేలిక అని నాకనిపిస్తుంది (పెద్దలు క్షమించాలి). ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు ఆకలి అని చెప్పారు. మన గల్లీలో చెప్పనివాళ్లే ఎక్కువ.

‘ఎవరి కర్మ వాళ్లది, మనం ఎవరం?’ అనే మాట కూడా ఆ రోజుల్లో చాలాసార్లు విన్నాను. కర్మ సిద్ధాంతాన్ని ఇలా వాడటం నాకు అస్సలు నచ్చదు. పక్కవాడి జ్వరం వాడి కర్మ అయితే, అది చూశాక నేనేం చేశానన్నది నా కర్మ. గీతలో కృష్ణుడు లోకసంగ్రహం అన్నది ఊరికే కాదు.

దీనికంటే బలమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ప్రైవసీ. మీలో చాలామంది మియాపూర్‌లోనో బెంగళూరులోనో ఫ్లాట్లలో ఉంటారు. అక్కడ పక్కింటివాళ్ల గురించి అడిగితే ‘వీడికెందుకు?’ అనుకుంటారు. ఆ అనుమానం ఊరికే రాలేదు. 2020లో మనం అడిగిన అడగడాలన్నీ ప్రేమతో అడిగినవి కావు. ‘వాళ్లింట్లో ఎవరికో వచ్చిందట’ అని తెలుసుకుని మెట్ల మీద కలవకుండా తప్పుకోవడానికి, పనిమనిషిని ఆ ఇంటికి పోవద్దని చెప్పడానికి కూడా అడిగాం. అదే ప్రశ్న, అవే అక్షరాలు.

మా దగ్గర ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కడతారు. అది దూరంగా ఉండమని గుర్తే. కానీ ఆ ఇంట్లో తల్లి ఉంది, శుచిగా ఉండండి, గట్టిగా మాట్లాడకండి అని కూడా అర్థం. జబ్బుపడిన మనిషి ఆ కొన్నాళ్లు ఇంట్లో ఒక రకమైన గౌరవంతో ఉంటుంది. పాతవన్నీ మంచివని నేను అనడం లేదు. వేపమండ కట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లని ఇళ్లు కూడా ఉన్నాయి. అయినా 2020లో క్వారంటైన్ ఇళ్ల గోడల మీద అంటించిన స్టిక్కర్ పక్కన ఆ వేపమండని పెట్టి చూడండి. రెండూ దూరం ఉండమనే చెప్పాయి. ఒకటి చేతులు జోడించమంది, ఇంకొకటి వేలు చూపించమంది. ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా, అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప కరోనా రోగుల ఇళ్ల బయట పోస్టర్లు అంటించవద్దని చెప్పాల్సి వచ్చింది.

అయితే తేడా ఎక్కడుంది? అడిగే గొంతులో అనుకున్నాను కొన్నాళ్లు. 2021లో మా గల్లీలో జరిగింది చూశాక అది చాలదని తెలిసింది.

ఆ ఏప్రిల్ చివర, సెకండ్ వేవ్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, మా గల్లీ చివర బట్టలు కుట్టే అన్నకి జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్ల సీజన్, చేతిలో ఆర్డర్లు ఉన్నాయి, పోయిన ఏడాది సీజన్ మొత్తం లాక్‌డౌన్‌లో కొట్టుకుపోయింది. మే నెలలో రాష్ట్రమంతా ఇంటింటి జ్వర సర్వే మొదలైంది. ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు, మున్సిపాలిటీ వాళ్లు గడప గడపకీ వచ్చారు. ‘జరమున్నదా? దగ్గున్నదా? ఇంట్ల ఎంతమంది ఉంటరు? ముసలోళ్లు ఉన్నరా?’ నారదుడి ప్రశ్నల్లాగే, ఒక్కటీ గాల్లో ప్రశ్న కాదు. పైగా జ్వరం ఉందంటే టెస్ట్ రిపోర్ట్ కోసం ఆగకుండా మందుల కిట్ అక్కడికక్కడే చేతిలో పెట్టేవాళ్లు. ప్రశ్నతో పాటు జవాబు బరువు మోసే ఏర్పాటు కూడా సంచిలో ఉందన్నమాట. ప్రభుత్వం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి.

అయినా ఆ అన్న ‘ఏం లేదు’ అనే చెప్పాడు. కిట్‌లో జ్వరానికి గోలీలు ఉన్నాయి, దుకాణానికి లేవు. వారం తిరక్కుండా వాళ్ల అమ్మకి ఆయాసం మొదలైంది. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆమె తిరిగి రాలేదు.

‘ముందే చెప్పి ఉంటే అయిపోయేది కదా’ అని గల్లీ అంతా అన్నది. నేను ఆ మాటతో ఒప్పుకోను. దాచడం వల్ల ఆ దుకాణానికి వచ్చినవాళ్లకి కూడా ప్రమాదమే, అది నిజం. అది తప్పు కాదని అనడం లేదు. కానీ చెప్తే ఏమయ్యేదో అతనికి లెక్క తెలుసు. జ్వరం పద్నాలుగు రోజుల్లో పోతుంది, ‘కరోనా దర్జీ’ అనే పేరు పోదు. ‘నువ్వు దుకాణం మూసుకో అన్నా, ఈ రెండు వారాలు నీ ఇల్లు ఎట్లా నడవాలో మేం చూస్తం, ఆర్డర్ ఇచ్చినవాళ్లకి మేం చెప్తం’ అని మేమెవరం ముందుగా అనలేదు. మా ఆఫీసుల్లో సిస్టమ్ పడిపోయినప్పుడు బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అని చేస్తారు (పేరు దరిద్రంగా ఉంది, పద్ధతి మంచిది). ఎవరిదీ తప్పు అనకుండా ఏం జరిగిందో చెప్పించడం. ఎందుకంటే తిడతారని తెలిస్తే ఎవడూ నిజం చెప్పడు, నిజం తెలియకపోతే రేపు మళ్లీ అదే పడిపోతుంది.

కాబట్టి నాకు తోచిన జవాబు ఇది. పక్కవాడి బాగోగులు అడగడం ధర్మమే, వాళ్లు పిలవకపోయినా సరే. కానీ జవాబు వచ్చాక దాంట్లో కొంతైనా మోయడానికి సిద్ధపడి వెళ్లినప్పుడే అది అర్సుకొనుడు అవుతుంది. ఆ ఉద్దేశం లేకపోతే అది ఆరా తీయడం. ఇందాక చెప్పిన లోతు చెక్ సంగతి కూడా ఇక్కడికే వస్తుంది: పదిమంది పదిసార్లు ‘ఆక్సిజన్ ఎంత ఉంది’ అని ఫోన్ చేస్తే, మంచం పక్కన కూర్చున్నవాళ్లకి మందు వేసే తీరిక ఉండదు. ఒక్కరు అడిగి మిగతా వాళ్లకి చెప్తే చాలు. ‘మాకేం వద్దు, మమ్మల్ని వదిలేయండి’ అని వాళ్లంటే ఆ మాటనీ మోయాలి. గేటు దగ్గర సంచి పెట్టి, ఫోన్ చేసి, తిరిగి వచ్చేయాలి. చిత్రకూటంలో రాముడు తమ్ముడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాడు. మనకి ఆ రెండేళ్లు ఆరడుగుల దూరం రాసి పెట్టారు, ఏం చేస్తాం.

మా గల్లీకి సర్వేకి వచ్చిన ఆశా అక్క గురించి కూడా చెప్పాలి. ఎండలో అన్ని ఇళ్లూ తిరిగి మా వాకిట్లోకి వస్తే అమ్మ చాయ్ ఇస్తానంది. మాస్క్ తీయకూడదని ఆమె తాగలేదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలని, రాత్రి పోయి బయటే స్నానం చేసి లోపలికి పోతానని చెప్పింది. ఆశాలకి జీతం అనరు, పారితోషికం అంటారు. ప్రభుత్వం లెక్కలో వాళ్లు వాలంటీర్లు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశ ఆశా వర్కర్లకి అవార్డు ఇచ్చి గౌరవించింది, సంతోషం. కానీ ‘సైన్యానికి జీతం టైమ్‌కి అందుతోందా?’ అన్న నారదుడి ప్రశ్న వీళ్ల గురించి ఎవరైనా అడిగారా?

టైలర్ అన్న వాళ్ల అమ్మ పోయినప్పుడు ఎవరూ అర్సుకోను పోలేదు. పోయే రోజులు కావవి. కొంతమంది ఫోన్ చేశారు, ఎక్కువమంది చేయలేదు. తర్వాత తర్వాత ఇంత ఆలస్యంగా ఏం పోతాంలే అని ఆ ఇంటి ముందు నుంచి తలొంచుకుని నడవడం అలవాటైపోయింది. ఆ ఏడు దసరా దాటాక ఒక రోజు నాయనమ్మ నన్ను తోడు రమ్మంది. ‘అప్పుడు పోలే, ఇప్పుడైనా పోవాలె’ అని బయల్దేరింది.

వదిన దర్వాజలోనే ఏడ్చింది, నిన్ననే జరిగినట్టు. నాయనమ్మ మంచం మీద కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ‘ఆఖరి రోజు ఏమన్న తిన్నదా? మాట్లాడిందా? దావఖానల పక్కపొంటి ఎవలున్నరు? ఆమె చీరలు ఏం చేసిండ్రు?’ నాకైతే వినలేక లేచి పోదామనిపించింది. కానీ అన్న చెప్తూనే ఉన్నాడు. జ్వరం ఏ రోజు మొదలైందో, తాను ఏ రోజు దాచాడో, అంబులెన్స్‌లో అమ్మ ఏం అడిగిందో, అన్నీ తేదీలతో సహా. ఐదు నెలలుగా ఎవరూ అడగలేదట. గంటన్నర అయింది.

వచ్చేటప్పుడు నాయనమ్మ సంచిలోంచి రవిక గుడ్డ తీసి అతని చేతిలో పెట్టింది. సంక్రాంతికి కుట్టి ఇయ్యమంది. కొలతలు కావాలన్నాడు. పాతవి మీ అమ్మ బుక్కుల ఉంటయి చూడు అన్నది.